పిలవని వాటా

నేను ఆ మనిషిని ఎన్నడూ అవమానించలేదు. ఈ సంగతి మొదటనే రాసి ఉంచడం అవసరమని తోచింది. నా ఏకైక కుమార్తె మెర్సీ ఒక మత్స్యకార యువకుణ్ణి వివాహమాడదలచినట్లు చెప్పిన రోజున నేను స్వరం పెంచలేదు. రిజిస్ట్రారు కార్యాలయంలో సాక్షి సంతకం నేనే చేశాను. తరువాతి మూడు సంవత్సరాలలో అతడు బొబ్బిలిలోని మా ఇంటికి ఏడుసార్లు వచ్చాడు. ఏడుసార్లూ నేను కుర్చీలోంచి లేచి నిలబడి, "రండి ఎల్లాజీ గారూ, కూర్చోండి" అన్నాను. మంచినీళ్ళ గ్లాసు నా చేతులతోనే అందించాను. మిషన్ ఉన్నత పాఠశాలలో ముప్పై నాలుగేళ్ళు ఆంగ్లం బోధించి ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన ఈ డేవిడ్‌రాజుకు మర్యాద ఎలా పాటించాలో ఇంకొకరు నేర్పనవసరం లేదు.

గత నవంబరులో, వాయుగుండం పట్టిన రోజున, ఒడ్డు ఇక రెండు వందల గజాలు ఉందనగా అతడు వెళ్ళిన పడవ తిరగబడింది. నలుగురిలో ముగ్గురు ఈదుకుంటూ వచ్చారు. ఎల్లాజీ రాలేదు. శరీరం కూడా దొరకలేదు.

ఏప్రిల్ పదిహేనున, అంటే సముద్రంలో వేట నిషేధం మొదలైన రోజున, నేను మెర్సీని తీసుకొచ్చే నిశ్చయంతో బస్సు ఎక్కాను. ఆమె నర్సు. బొబ్బిలిలో ఒక ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం మాట్లాడి ఉంచాను. సంచిలో రెండు జతల బట్టలు మాత్రమే పెట్టుకున్నాను. అరవై రోజులు ఉండవలసి వస్తుందని ఊహించలేదు.

శ్రీకూర్మం దాటి, జీడితోటలు దాటి, ఇసుకదారిలో వాళ్ళ పాలెం చేరేసరికి పదకొండయింది. పడవలన్నీ ఒడ్డు మీదకు లాగి బోర్లించి ఉన్నాయి. ఇంజన్ల చప్పుడు లేని ఆ తీరం సెలవుల్లో పాఠశాలలా ఉంది. గుమ్మంలో ఎల్లాజీ తల్లి కూర్మమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి లేచి, కొంగు భుజం మీదకు లాక్కుంది.

"ఓలె మెర్సీ! సారొచ్చినారే!"

మెర్సీ చిక్కిపోయింది. చేతులకు గాజులు లేవు, కాని నుదుట బొట్టు ఉంది. బాప్టిస్టు కుటుంబంలో పెరిగిన పిల్ల నుదుట బొట్టు చూడడం నాకు ఇబ్బందిగానే ఉండేది. దాని గురించి కూడా నేను ఎన్నడూ ఏమీ అనలేదు.

"ఉద్యోగం సిద్ధంగా ఉందమ్మా. సోమవారం నాడే చేరవచ్చు."

"ఇప్పుడు రాలేను డాడీ."

"ఎందుచేత?"

ఆమె అత్తగారి వైపు చూసి, తల దించుకుంది. "ఆయన ఇంకా పూర్తిగా వెళ్ళలేదు. వెళ్ళేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను."

"పూర్తిగా వెళ్ళకపోవడమంటే ఏమిటి? మనిషి ఉంటాడు, లేదా ఉండడు. మధ్యస్థమైన స్థితి లేదు."

"ఉన్నాది సారు," అంది కూర్మమ్మ, చేపల మీద నుంచి చూపు తిప్పకుండానే. "నా గుంటడు నీటోడైపోనాడు."

నీటోడంటే నడుము దాకా మనిషి, కింద చేప. ఇటువంటి నీటిమనుషుల గాథలు నేను ఆంగ్ల పాఠాలలో ఎన్నో తరగతులకు బోధించాను. అక్కడ వాళ్ళు కిరీటాలు ధరిస్తారు, శంఖాలు ఊదుతారు, నేలమీది స్త్రీలను ప్రేమించి దుఃఖిస్తారు. ఆ విషయమే ఆమెకు సాధ్యమైనంత సరళంగా వివరించి, ఇది లోకంలో అన్ని తీరాలలోనూ ఉన్న కల్పనేనని చెప్పాను. కూర్మమ్మ శ్రద్ధగా విన్నది.

"ఆళ్ళ సంగతి నాకు తెల్దు సారు. టీవీలో అయితే సేపకి ఆడదాని మొకం ఎడతారు. ఆడది ఏటకెల్తాదేటి? సముద్రంలో పోయినోళ్ళందరూ మగోళ్ళేగదా." ఆమె ఒక చేపను తీసి పక్కకు పెట్టింది. "ఏటకెల్లొచ్చినాక వాటాలేత్తారు సూడండి. పడవకో వాటా, వలకో వాటా, మనిసికో వాటా. మనిసినీ అలగే. తల్లికో వాటా, పెళ్ళానికో వాటా, అప్పకో వాటా. నీట్లో పోయి దొరక్కపోతే, ఎవుల వాటా ఆలు పిలవాల. మిట్టమద్దేనం నీడ కాళ్ళకిందకొచ్చినప్పుడు, మోకాటి నీళ్ళలో నిలబడి, ఆడు ఆలకేటవుతాడో ఆ వొరసెట్టి, ఇంట్లో మనిసిని పిలిసినట్టు పిలవాల. పిలిసిన వాటా మనిసవుతాది. పిలవని వాటా సేపయిపోతాది. అంతా మనిసయితేనే గదా సారు, మనిసిలాగ సచ్చిపోతాడు."

"ఎవరెవరు పిలిచారు?"

"నాను పిలిసినాను. మెర్సీ పిలిసినాది. ఆడి అప్ప పలాస నుంచి వొచ్చి పిలిసినాది."

"మరి ఇంకెవరు మిగిలారు?"

కూర్మమ్మ చేపల మీద వల కప్పింది. "బోయినానికి లెగండి సారు."

పాఠం చదివి ప్రశ్నలకు జవాబులు రాయడం వేలమంది విద్యార్థులకు నేర్పిన నాకు, ఆ జవాబు ఆ రోజున తోచలేదు. అల్లుడు సగం మనిషిగా ఎక్కడో నీటిలో తేలుతూ ఉంటాడన్న ఊహ మాత్రం అన్నం సహించకుండా చేసింది.

మెర్సీ మనసు మారేవరకూ ఉందామని నిర్ణయించుకున్నాను. ఆమె ఉదయమే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళేది. నేను గొడుగు వేసుకుని, వలలు బాగుచేసేవారి దగ్గరకు వెళ్ళి కూర్చునేవాణ్ణి. వారిలో ఒకడు జగన్నాధం; ఆనాడు తిరగబడిన పడవ అతనిదే. యాభై ఏళ్ళవాడు, నవ్వితే ముఖమంతా ముడతలు పడేది, ఎక్కువగా నవ్వేవాడు. ఒకనాడు ఒక వలను నా ముందు పరిచి చూపించాడు.

"సూడండి సారు. అడుగు బాగున్నాది. తల బాగున్నాది. మద్దెలో, మనిసి నడుమెత్తున సిరిగిపోతన్నాది. డిసెంబరు నుంచి ఏ పడవదైనా ఇలగే."

"డాల్ఫిన్లు కావచ్చు."

"డాల్ఫినైతే పారిపోతాది సారు. ఇది నిలబడతాది." అతడు నవ్వలేదు. "ఆ రోజు ఆడి సెయ్యి నా సేతిలో ఉన్నాది. జారిపోనాది. ఇప్పుడు మళ్ళీ దిగితే, సెయ్యి అందిత్తాడేమోనని బయం. అందుకోకపోతే ఒక పాపం, అందుకుంటే ఇంకో పాపం. జూన్ పదేనుకి ఊరోళ్ళు దిగితే దిగుతారు గావాల. నాను దిగను."

అంత దృఢకాయుడు తన భయాన్ని వల చిరుగులాగే ఎదుట పరిచి చూపించడం నాకు కొత్త. నేను అతని గురించి తక్కువగా అనుకోలేకపోయాను.

మే మొదటి వారంలో పాలెంలోని ఫోన్లన్నిటిలోకీ ఒక వీడియో వచ్చింది. ఏదో దేశంలో వలలో పడ్డ ఒక చేపమనిషి పడవ అంచు మీద కొట్టుకుంటున్నాడు. చుట్టూ మనుషులు అరుస్తున్నారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మెర్సీ దాన్ని ఆపి, ముఖాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూస్తోంది.

"అది కంప్యూటరులో తయారు చేసినదమ్మా."

"తెలుసు డాడీ."

"తెలిసి ఎందుకు చూస్తున్నావు?"

"చెవి చూస్తున్నాను. ఆయనకి ఎడమ చెవి పైన చిన్న గంటు ఉండేది." కొంచెం సేపు చూసి ఫోను బోర్లా పెట్టింది. "ఇతనికి లేదు." తరువాత అన్నం కలుపుకుంది.

ఆ నెల మూడో వారంలో ఎండలు నలభై రెండు దాటాయి. పాలెం అంతా తలుపులు వేసుకుని పడుకున్న ఒక మిట్టమధ్యాహ్నం, గాలి కోసం నేను ఒడ్డుకు వెళ్ళాను. ఇసుక తెల్లగా మెరుస్తోంది. నా నీడ నా చెప్పుల కింద ముడుచుకుని ఉంది. అలలు విరిగే చోటికి ఆవల, ఒక మనిషి నడుము లోతు నీటిలో నిలబడి ఉన్నాడు.

అక్కడ లోతు మూడు నిలువులని జగన్నాధం చెప్పి ఉన్నాడు. నేను కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాను. అలలు అతని మీదుగా వస్తున్నాయి, పోతున్నాయి. అతడు లేవడం లేదు, మునగడం లేదు. ముఖం ఒడ్డు వైపు ఉంది. చేతులు రెండూ శరీరానికి ఆనించి, తల కొద్దిగా వంచి ఉన్నాడు. ఆ నిలబడడం నాకు తెలుసు. మా వరండాలో, నేను కూర్చోమనే దాకా అతడు అలాగే నిలబడేవాడు.

ఎంతసేపు చూశానో చెప్పలేను. గొడుగు చేతిలో ఉందన్న సంగతి మరచి, ఎండలోనే నిలిచిపోయాను. రెప్ప వేసి మళ్ళీ చూసేసరికి నీరు తప్ప మరేమీ లేదు. ఇంటికి వచ్చి, గుమ్మంలోనే అడిగాను.

"కూర్మమ్మ గారూ, ఎవరి వాటా మిగిలి ఉంది?"

ఆమె నా ముఖం చూసి, నేను చూసినదేమిటో గ్రహించింది. చాప వాల్చి కూర్చోమంది. "పిల్లనిచ్చినోడిది సారు."

"అయితే నన్ను ఎందుకు అడగలేదు? వచ్చి నెల దాటింది!"

"అడిగించుకుని పిలిసిన పిలుపు అందదు సారు. నోటికదే రావాల."

నేను మెర్సీ వైపు తిరిగాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "నీకు తెలుసు."

"తెలుసు."

"దీన్ని నువ్వు నమ్ముతున్నావా?"

"నమ్మడం కాదు డాడీ. ఆయన మీకోసం చూస్తున్నారని మాత్రం తెలుసు. అది చనిపోయాక మొదలైనది కాదుగా."

ఆ మాటలోని భావం నాకు పూర్తిగా అందలేదు. కర్తవ్యం మాత్రం స్పష్టమైంది. నమ్మకం ప్రశ్నే కాదు. ఒక కుటుంబం దుఃఖంలో ఉంది, నా పాత్ర ఒకటి మిగిలిపోయింది, దానిని సక్రమంగా నిర్వర్తించాలి. మరునాడు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడిగి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మిట్టమధ్యాహ్నం నీటిలోకి దిగాను. వార్త ఎలా పాకిందో, పాలెం సగం ఒడ్డున నిలబడి ఉంది. తరగతి గది చివరి బెంచీ దాకా వినిపించే నా పాత స్వరం ఇంకా పోలేదు.

"ఎల్లాజీ గారూ! దయచేసి రండి!"

ఒక అల వచ్చి పోయింది. వెనుక ఎవరో స్త్రీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆపుకున్న చప్పుడు వినిపించింది. అది ఏడుపో నవ్వో చెప్పలేను.

"సారూ," అన్నాడు జగన్నాధం మెల్లగా, "కలెక్టరు గార్ని మీటింగుకి పిలిసినట్టున్నాది."

ఈసారి అందరూ నవ్వారు. నేను బిగుసుకుపోయి ఒడ్డుకు వచ్చాను. కూర్మమ్మ నవ్వలేదు. "వొరసెట్టమన్నాను గాని, మర్యాద ఎట్టమన్లేదు సారు," అంది.

ఆ సాయంత్రం నేను సంచి సర్దుకున్నాను. తెల్లవారితే వెళ్ళిపోదామనుకున్నాను. మెర్సీ వచ్చి సంచి పక్కన కూర్చుంది. మడిచిన చొక్కాను మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

"మీరు ఆయన్ని ఒక్కసారి తిట్టినా బాగుండేది డాడీ."

"నేను ఎవరినీ తిట్టను. అతనికి నేను ఏనాడు గౌరవం తక్కువ చేశాను?"

"ఏనాడూ లేదు. అదే కదా." ఆమె గొంతు కోపంగా లేదు; రోగికి మందు వేళలు చెప్పినట్లు ఉంది. "బొబ్బిలి నుంచి బస్సులో వస్తూ ప్రతిసారీ అనేవారు, 'మీ డాడీ ఇయాల కూడా లెగిసి నిలబడ్డాడే' అని. నవ్వేవారు. కిటికీలోంచి చూస్తూ నవ్వేవారు. 'ఒక్కసారి కుర్సీలో కూకునే, ఏరా వొచ్చినావా అంటే సాలు. ఆ రోజు ఆ ఇంట్లో బోయినం సేత్తాను' అనేవారు. ఏడుసార్లలో ఒక్కసారైనా మన ఇంట్లో ఆయన అన్నం తిన్నారేమో గుర్తు చేసుకోండి."

నేను గుర్తు చేసుకున్నాను. ప్రతిసారీ ఆకలి లేదన్నాడు. నేను బలవంతం చేయలేదు. ఎదుటివారి అభీష్టాన్ని గౌరవించడం సంస్కారమని, వారు కాదన్న తరువాత రెండవసారి అడగరాదని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి.

సంచి విప్పేశాను. ఆ తరువాతి రోజులలో ఒడ్డున ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పిలుపును పలకడానికి ప్రయత్నించాను. ఎంత పొడవైన ఆంగ్ల వాక్యమైనా తడబడకుండా చదవగల నా నాలుక, ఆ చిన్న మాట దగ్గర ఎండిపోయేది. కొన్నిసార్లు పెదవుల దాకా వచ్చేది. అలలకు ఆవల ఆ ఆకారం మరి రెండుసార్లు కనిపించింది. రెండవసారి ఇంకొంచెం దగ్గరగా ఉంది. చెవి మీద గంటు కనిపించేంత దగ్గర కాదు; తల వంచుకుని ఉన్నాడని తెలిసేంత దగ్గర.

జూన్ పద్నాలుగు వచ్చింది. నిషేధం ఆఖరి రోజు. ఒడ్డంతా సందడిగా ఉంది. పడవలకు పసుపు, కుంకుమ పూస్తున్నారు, ఇంజన్లు పరీక్షిస్తున్నారు, ఐసు పెట్టెలు కడుగుతున్నారు. జగన్నాధం పడవ ఒక్కటే బోర్లా పడి ఉంది. అతడు దాని మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. సూర్యుడు నెత్తి మీదకు వచ్చేసరికి నేను లేచాను. చొక్కా మార్చుకోలేదు. కట్టుకున్న లుంగీతోనే వెళ్ళాను. కూర్మమ్మ, మెర్సీ నా వెనుక వచ్చారు.

నీటి అంచున కూర్మమ్మ నన్ను ఆపింది. "పిలుపు గట్టిగా పిలు. ఆడొత్తాడు. వొచ్చినట్టు తెలిసినాక ఎనక్కి తిరిగీసి, 'నీ దారిన నువ్వెల్లు' అని నోట్లోనే అనుకో. అది ఆడికొక్కడికే ఇనబడాల, మాకు కాదు. అన్నాక ఒడ్డుకొచ్చీ. మల్ల తిరిగి సూడకు." ఆమె మొదటిసారి నన్ను నువ్వు అంది. ఆ సంగతి ఆమె గమనించలేదు. నేను గమనించాను.

నీళ్ళు మోకాళ్ళకు తగిలాయి. నీడ కాళ్ళ కిందకు చేరింది. నేను నోరు తెరిచాను. తరగతి గది స్వరం రాలేదు. ఎవరిదో ముసలివాడి గొంతు వచ్చింది.

"ఒరే అల్లుడా! ఏరా, వొచ్చినావా? రారా!"

అది నేను పుట్టి పెరిగిన వీధిలో మా తాత మాట్లాడిన భాష. పుస్తకాల భాష నేర్చాక నేను దానిని ఎన్నడూ పలకలేదు. ఒడ్డున ఎవరూ నవ్వలేదు.

ఒక పెద్ద అల విరిగి, నురుగు నా నడుము దాకా వచ్చి, వెనక్కి తీసింది. ఆ తీసిన నీటిలో నాకు ఒక చప్పుడు వినిపించింది. తోక కొట్టుకునే చప్పుడు కాదు. నీటిని తోసుకుంటూ మనిషి నడిచి వచ్చే చప్పుడు. ఒక కాలు, తరువాత ఇంకొక కాలు. కొత్తగా నడక నేర్చేవాడిలా, మధ్యలో తడబడుతూ. చూపు దించుకుని, నేను వెనక్కి తిరిగాను. ఆ అడుగులు నా వీపుకు రెండు బారల దూరంలో ఆగాయి.

ఇక నేను అతన్ని పంపించాలి.

బొబ్బిలిలో ఏడుసార్లు పంపించాను. నాలుగు గంటలు కాగానే గోడ గడియారం చూసి, "మీకు బస్సు వేళయింది, వెళ్ళి రండి" అని నేనే గేటు దాకా సాగనంపాను. ఆ మాట అనడానికి ఎప్పుడూ ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. ఆ రోజున నోట్లో, నాలుక కింద, ఆ మాట కోసం వెదికాను. దొరకలేదు. పిలిచి ఒక్క నిమిషం కాలేదు. వచ్చినవాడు నా వెనుక తల వంచుకుని నిలబడి ఉన్నాడు. నేను ఏమీ అనకుండానే ఒడ్డుకు నడిచాను.

"పంపీసినావా అన్నియ్యా?" అంది కూర్మమ్మ.

నేను తల ఊపాను.

ఆమె అక్కడే ఇసుకలో కూలబడి, ఏడు నెలలుగా దాచుకున్నదంతా ఏడ్చింది. మెర్సీ నా చెయ్యి పట్టుకుంది. మర్నాడు తెల్లవారగానే జగన్నాధం పడవ అన్నిటికంటే ముందు అలలు దాటింది. నేను బొబ్బిలి చేరాక, వలలు చిరగలేదని ఫోనులో చెప్పాడు. ఇప్పటికీ చిరగడం లేదు. మెర్సీ జూలైలో బొబ్బిలి వచ్చి ఉద్యోగంలో చేరింది. నిద్ర పడుతోందంటుంది. మొన్న ఆసుపత్రిలో జరిగిన ఏదో సంగతి చెబుతూ గట్టిగా నవ్వింది. ఆ నవ్వు విని, నిజం చెప్పే ఉద్దేశాన్ని మానుకున్నాను.

మా ఊరికి సముద్రం చాలా దూరం. అయినా మధ్యాహ్నం వేళ నేను మార్కెట్ వీధిలో నడుస్తున్నప్పుడు, ఆ ఎండలో, నా వెనుక తడికాళ్ళ చప్పుడు వినిపిస్తుంది. నేను ఆగితే ఆగుతుంది. కూర్మమ్మ చెప్పిన ప్రకారం నేను ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. మొదట్లో భయంతో వేగంగా నడిచేవాణ్ణి. ఇప్పుడు నడక తగ్గించాను. అతనికి కాళ్ళు వచ్చి ఎన్నో రోజులు కాలేదు. మా ఇంటి గుమ్మంలో మెట్టు కొంచెం ఎత్తుగా ఉంటుంది. అక్కడ ఒక్క క్షణం నిలబడి, ముందుకే చూస్తూ అంటాను.

"సూసుకుని రారా. అన్నం తిందువుగాని."